కుదించి రాయడం – నాలుగో పాఠం: లొరీన్ నీడెకర్ పనిబల్ల దగ్గర

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం ప్రకారం మీ నోటుపుస్తకంలో ఈపాటికి కనీసం పది వాక్యాలైనా చేరి ఉండాలి. ఇంట్లో, వీధిలో, బస్సులో చెవిన పడిన మాటలను, కంటపడిన పనులను ఏ అలంకారమూ చేర్చకుండా విన్నవి విన్నట్టు, చూసినవి చూసినట్టు రాసిపెట్టుకోమని అందులో చెప్పాను. ఆ వాక్యాలే ఈ పాఠానికి ముడిసరుకు. వాటిలోంచి ఒకదాన్ని తీసుకొని, ఏ మాటలు తీసివేస్తే మిగిలిన మాటల బరువు పెరుగుతుందో చూడటం నేటి పని. ఈ పనిలో మనకు గురువు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ప్రయోగశీల కవయిత్రి లొరీన్ నీడెకర్. ఆమె ఎక్కడ, ఎలాంటి ఉద్యోగాల మధ్య, ఎవరి మాటలు వింటూ రాశారో తెలిస్తే తప్ప అంత తక్కువ మాటలతో ఎందుకు రాశారో బోధపడదు. అందుకే ఈ పాఠంలో ఆమె జీవితమూ మన అభ్యాసమూ కలిసి నడుస్తాయి.

ఆమె కవితల్లో ముందుగా చదవవలసింది 'పొయెట్స్ వర్క్', అంటే 'కవి పని'. అందులో ఉన్నవి 9 పొట్టి పాదాలు, మొత్తం 19 మాటలు. ఏదైనా పని నేర్చుకోమని తాత సలహా ఇచ్చాడనీ, తాను బల్ల దగ్గర కూర్చుని కుదించడం నేర్చుకున్నాననీ, ఈ కార్ఖానాలో లేఆఫ్ (పని లేదని ఇంటికి పంపేయడం) ఉండదనీ ఆ కవిత చెబుతుంది. చివరి పాదంలో ఉన్నది 'కండెన్సరీ' అనే ఒకే ఒక్క మాట. అది ఆమె కల్పించిన పదం కాదు. విస్కాన్సిన్ పాడికి పేరుపడిన రాష్ట్రం. పాలలోని నీటిని ఆవిరి చేసి చిక్కబరిచి డబ్బాలకు ఎత్తే కర్మాగారాలను అక్కడి జనం ఆ పేరుతోనే పిలిచేవారు. పాలు కోవా అయ్యేదాకా గరిటె తిప్పుతూ పొయ్యి దగ్గర నిలబడినవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. పాలు చిక్కబడాలంటే వాటిలో కొంత పారబోస్తే సరిపోదు. నీరు ఇగిరిపోయేదాకా, అడుగంటకుండా, ఓపికగా కాయాలి. లీటరు పాలను అర లీటరుకు తేవడానికీ, అర లీటరు పాలు కొనడానికీ ఎంత తేడా ఉందో, కుదించిన కవితకూ పొట్టి కవితకూ అంత తేడా ఉంది.

ఆ కవితలో ఇంకొక చిన్న సంగతి ఉంది. తాత చెప్పిన మాటలో 'పని' అనే నామవాచకం ముందు ఆంగ్లంలో రావలసిన 'ఎ' అనే ఏకాక్షరపు మాట ఉంది. తరువాతి ఖండికలో, తాను కుదించడం నేర్చుకున్నానని చెప్పే చోట, 'బల్ల' ముందు అదే మాట రావలసి ఉండగా ఆమె రానివ్వలేదు. కుదించడం నేర్చుకున్నానని చెబుతూనే ఆ వాక్యాన్ని కుదించి చూపారన్నమాట. ఒక్క అక్షరం తీసివేత ఆ వాక్యానికి సాక్ష్యంగా నిలబడింది. నన్ను అడిగితే ఈ కోర్సు మొత్తానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

నీడెకర్ 1903 మే 12న ఫోర్ట్ అట్కిన్‌సన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ఊరికి దగ్గరలో, రాక్ నది కోష్కొనాంగ్ సరస్సును కలిసే చోట ఉన్న బ్లాక్‌హాక్ ఐలండ్ అనే పల్లపు నేల మీద ఆమె జీవితంలో చాలా భాగం గడిచింది. తండ్రి వలలు లాగించి కార్ప్ చేపల వ్యాపారం చేసేవారు. తల్లికి క్రమంగా వినికిడి పోయింది. వసంతం వచ్చి మంచు కరిగితే నది పొంగి ఇళ్ల దాకా వచ్చేది. 1922లో బెలాయిట్ కళాశాలలో చేరిన లొరీన్, తల్లి పరిస్థితి వల్ల రెండేళ్లకే చదువు ఆపి ఇంటికి తిరిగి వచ్చారు. మాట వినపడని తల్లి పక్కన పెరిగిన మనిషి ఒక్కొక్క మాటనూ అంత శ్రద్ధగా తూచి వాడటం కాకతాళీయం కాదని నా నమ్మకం.

ఆమె దారిని మలిచినది ఒక పత్రికా సంచిక. 1931 ఫిబ్రవరిలో షికాగోనుంచి వెలువడే 'పొయెట్రీ' పత్రిక, కవి లూయీ జుకోఫ్‌స్కీ సంపాదకత్వంలో 'ఆబ్జెక్టివిస్టు' కవుల ప్రత్యేక సంచికను తెచ్చింది. కవితను ఒక వస్తువులాగా, ఏ కీలూ వదులుగా లేకుండా బిగించి కట్టాలన్నది వారి పట్టుదల. అది చదివిన నీడెకర్ జుకోఫ్‌స్కీకి ఉత్తరం రాశారు. అలా మొదలైన ఉత్తరాల రాకపోకలు దశాబ్దాలపాటు సాగాయి. 1933లో ఆమె న్యూయార్క్ వెళ్లి ఆయనను కలిశారు. అయితే ఆయన చెప్పిన ప్రతిదానికీ ఆమె తలవంచలేదు. ఆయన వస్తువుల వైపు చూపిస్తుంటే, ఆమె ఆ రోజుల్లో కలల వైపు, అధివాస్తవికత వైపు కూడా మొగ్గారు. ఒక జేబు క్యాలెండరు తీసుకొని, పక్షానికొక పుటగా ఉన్న దాని కాగితాల మీద అచ్చయిన నీతివాక్యాలు కనబడకుండా, తన చేతిరాతతో ఉన్న చిన్న చీటీలను అంటించి జుకోఫ్‌స్కీకి కానుకగా ఇచ్చారు. 1935 సంవత్సరానికి చెందిన ఆ క్యాలెండరే ఒక కవిత. చీటీ ఎంత ఉంటే కవిత అంత. ఈ ఉపాయాన్ని గుర్తుపెట్టుకోండి. చివర ఇచ్చే అభ్యాసంలో ఇది మనకు పనికివస్తుంది.

తరువాతి ఉద్యోగాలన్నీ ఆమెకు చెవినీ కంటినీ పదునుపెట్టినవే. ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వం రచయితలకు పని కల్పించడానికి పెట్టిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టులో, 1938 నుంచి 1942 దాకా మాడిసన్ నగరంలో పనిచేశారు. స్థానిక చరిత్రలను తవ్వి తీసే ఆ పనిలో పాత వలసదారుల మాటతీరు ఆమెకు చేతికందింది. పల్లెటూరి ఇరుగుపొరుగుల మాటలనూ పిల్లల పాటల నడకనూ కలిపి రాసిన చిన్న కవితలతో 1946లో 'న్యూ గూస్' అనే తొలి పుస్తకం వచ్చింది. అప్పటికి ఆమె, పాడి రైతుల పత్రికను అచ్చువేసే 'హోర్డ్స్ డెయిరీమన్' సంస్థలో స్టెనోగ్రాఫరుగా, ప్రూఫ్‌రీడరుగా ఉన్నారు. పాలను చిక్కబరిచే కర్మాగారం ఆమె కవితలోకి ఎక్కడినుంచి వచ్చిందో వేరే వెతకనక్కరలేదు. 1944 నుంచి 1950 దాకా సాగిన ఆ ఉద్యోగానికి చూపు మందగించడం అడ్డువచ్చింది. 1957లో ఊళ్లోని ఆసుపత్రిలో నేలలు తుడిచి శుభ్రం చేసే పనికి చేరి కొన్నేళ్లు చేశారు. రెండో పుస్తకం 'మై ఫ్రెండ్ ట్రీ' రావడానికి 15 ఏళ్లు పట్టింది. 1961లో వచ్చిన ఆ పుస్తకాన్ని ప్రచురించింది కూడా అమెరికావారు కాదు, స్కాట్లాండులోని ఎడిన్‌బరోవారు. పక్కింటివారిలో చాలామందికి ఆమె కవి అన్న సంగతే తెలియదు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. నా నోటుపుస్తకంలోని ఒక సంగతిని ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాను.

"మొన్న రాత్రి వచ్చిన గాలివానకు మా పెరట్లో ఉన్న పెద్ద ములగచెట్టు విరిగి పడిపోయింది. తెల్లవారగానే అమ్మ బుట్ట తీసుకొని వెళ్లి, ఆ చెట్టుకు ఉన్న కాయలన్నీ కోసి, వీధిలోని ఒక్కొక్క ఇంటికీ నాలుగు చొప్పున పంచిపెట్టింది. చెట్టు పోయినందుకు ఆమెకు ఎంతో బాధగా ఉన్నా పైకి మాత్రం ఏమీ అనలేదు."

మొత్తం 37 మాటలు. మొదటి కోత ఎప్పుడూ భావానికి పేరు పెట్టే మాటల మీద పడాలి. మూడో వాక్యం మొత్తం అలాంటిదే. అమ్మ ఏమీ అనలేదని నేను చెప్పినంతసేపూ అనడమూ అనకపోవడమూ పాఠకుడికి నా మాటగానే అందుతాయి. కాయలు పంచిన పని ఒక్కటే కనబడితే ఆ మౌనం దానంతట అదే వినపడుతుంది. కాబట్టి పది మాటలు పోయాయి. రెండో కోత పాఠకుడు తనంతట తాను ఊహించుకోగలిగే వాటి మీద. ములగచెట్టు ఉండేది పెరట్లోనే, ములగ విరిగేది గాలివానకే. కొమ్మ ఎంత పెళుసో తెలుగు ఇళ్లలో తెలియనివారు లేరు. 'మొన్న', 'మా', 'పెద్ద', 'బుట్ట' కూడా ఇక్కడే రాలిపోతాయి.

మూడో కోత దగ్గరే మన భాష చేసే సాయం తెలుస్తుంది. నీడెకర్ ఆంగ్లంలో ఏకాక్షరపు మాటను తీసివేసి సాధించినదాన్ని మనం ప్రత్యయాలతో సాధించవచ్చు. 'ఒక్కొక్క ఇంటికీ నాలుగు చొప్పున' అనే నాలుగు మాటలను తెలుగు 'ఇంటింటికీ నాలుగేసి' అని రెండు మాటల్లో చెప్పగలదు. పైగా 'ఇంటింటికీ' అన్న మాటలోని 'కి' విభక్తి ఇవ్వడాన్ని చెప్పకనే చెబుతోంది కనుక, 'పంచిపెట్టింది' అనే క్రియతో అవసరం తీరిపోయింది. క్రియ వాక్యం చివర రావడం మనకు అలవాటు కాబట్టి, చివర అది రాకపోతే అక్కడ ఒక ఖాళీ చేయి చాచినట్టు ఉంటుంది. ఆ ఖాళీని పాఠకుడు తన మనసులో నింపుకుంటాడు.

ములగ పడింది

తెల్లారేసరికి
ఇంటింటికీ అమ్మ
నాలుగేసి కాయలు

ఇప్పుడు ఉన్నవి 7 మాటలు. ఇక్కడికి రావడానికి ముందు నేను ఒక తప్పు చేశాను. కోత మీద మోజుతో 'అమ్మ'ను కూడా తీసివేశాను. అప్పుడు కాయలు ఎవరు పంచారో తెలియక, చెట్టు పడటం ఒక వార్తగా, కాయలు రావడం ఒక లాభంగా మిగిలిపోయాయి. అమ్మను తిరిగి తెచ్చాక, 'ఇంటింటికీ అమ్మ' అన్న పాదం దగ్గర ఒక క్షణం ఆగితే, ఆమే ప్రతి ఇంటికీ అమ్మ అయినట్టు కూడా వినపడింది. అది నేను అనుకొని రాసినది కాదు. కుదించగా పైకి తేలినది.

ఇంకొక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఇది తెలుగులో రాసేవారు తరచుగా పడే గుంట. మాటల లెక్క తగ్గించడానికి సంస్కృత సమాసాలను ఆశ్రయించకండి. గాలివానకు పడిన ములగచెట్టును 'ఝంఝావాతపతిత శిగ్రుతరువు' అంటే లెక్కకు రెండు మాటలే. కానీ అందులో గాలీ లేదు, విరిగిన కొమ్మా లేదు, వంటింటి వాసన అసలే లేదు. సమాసం మాటలను మూటగడుతుంది. కుదింపు మాటల మధ్య ఉన్న నీటిని ఇగురుస్తుంది. పద్యంలో ఛందస్సు నడకకు సమాసం ప్రాణం పోసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, వాటి మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఈ కోర్సులో మనం నేర్చుకుంటున్న పని మాత్రం వేరు.

నీడెకర్ కాచిన పాలు ఎంతో తెలుసుకోవాలంటే 'లేక్ సుపీరియర్' కవితను చూడాలి. 1963లో ఆల్బర్ట్ మిలన్‌ను వివాహమాడి మిల్వాకీ నగరానికి వెళ్లిన ఆమె, 1966లో ఆయనతో కారులో ఆ మహాసరస్సు చుట్టూ తిరిగి వచ్చారు. అక్కడి రాళ్ల గురించి, ఖనిజాల గురించి, పూర్వం ఆ నీటి మీద పడవలు నడిపిన అన్వేషకుల గురించి కట్టలకొద్దీ నోట్సు రాసుకున్నారు. 1968లో 'నార్త్ సెంట్రల్' సంపుటిలో అచ్చయినప్పుడు ఆ కవిత కొద్ది పేజీలే ఉంది. ప్రాణమున్న ప్రతిదానిలోనూ ఒకప్పుడు రాయిగా ఉన్న పదార్థం ఉందని, మన రక్తంలో ఉన్నది రాతి ఖనిజమేనని అది మొదలవుతుంది. నోట్సులో ఉన్న భూగర్భశాస్త్రమంతా ఆ రెండు వాక్యాల కింద పునాదిలా ఉంది. రాయనిది తెలియనిది కాకూడదు: తెలిసి వదిలిన దానికే కవితలో బరువు ఉంటుంది. చదవకుండా, తిరగకుండా, నోట్సు రాయకుండా నేరుగా నాలుగు పాదాలు రాసే తొందర మనలో చాలామందికి ఉంది. ఆ తొందరను నేను ఈ పాఠం నుంచే మానిపించాలని అనుకుంటున్నాను.

తన చోటు గురించి రాసిన దీర్ఘకవిత 'పీయన్ టు ప్లేస్' ఐదేసి పాదాల ఖండికల్లో సాగుతుంది. మొదటి ఖండికలో ఒక్క క్రియ కూడా లేదు: చేపలు, పక్షులు, వరద, తామరల బురద, ఆపైన 'నా జీవితం' అన్న మాట. వరద, బురద అన్న మాటలకు ఆంగ్లంలోనూ ప్రాస కుదిరింది, మన భాషలోనూ కుదరడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. మీరు అనువాదం చేసి చూడవచ్చు.

భర్త ఉద్యోగ విరమణ తరువాత ఆమె తిరిగి బ్లాక్‌హాక్ ఐలండ్‌కే చేరారు. 1970 నవంబరులో కవి సిడ్ కోర్మన్ అక్కడికి వెళ్లి, ఆమె తన కవితలు చదువుతుండగా టేపు మీద రికార్డు చేశారు. ఆమె గొంతు మనకు మిగిలినది ఆ ఒక్క టేపులోనే. అదే ఏడు డిసెంబరు 31న ఆమె మరణించారు. జెన్నీ పెన్‌బర్తీ సంపాదకత్వంలో ఆమె సమగ్ర రచనలు 2002లో వెలువడ్డాయి.

ఈ వారం అభ్యాసం ఇది. మీ పది వాక్యాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోండి. అందులో ఒక మనిషి చేసిన పని ఉండాలి, అభిప్రాయం ఉండకూడదు. దాన్ని పూర్తిగా రాసి మాటలు లెక్కపెట్టండి. తరువాత పాత క్యాలెండరు కాగితాన్ని తీసుకొని, ఒక తేదీ గడి అంత ముక్కను కత్తిరించి, దాని వెనక వైపు పట్టినంత మాత్రమే రాయండి. అక్షరాలు చిన్నవి చేసి ఇరికించకండి. మీ మామూలు చేతిరాతలో పట్టాలి. రాసినదాన్ని ఆ సంగతి తెలియని ఒకరికి చదివి వినిపించండి. "ఏం జరిగింది?" అని వారు అడిగితే అవసరమైన మాట ఒకటి పోయిందని అర్థం, తిరిగి చేర్చండి. "అయితే ఏమిటి?" అని అడిగితే ఇంకా నీరు మిగిలి ఉందని అర్థం, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. రోజుకొక్కసారి చొప్పున ఐదు రోజులు ఇదే వాక్యంతో చేయాలి, వాక్యం మార్చకూడదు. ఐదు చీటీలనూ వరుసగా నోటుపుస్తకంలో అంటించి, ఏ రోజు ఏ మాట పోయిందో పక్కన రాసుకోండి. తీసివేసిన మాటల జాబితాను పారేయవద్దు. ఐదో పాఠాన్ని ఆ జాబితాతోనే మొదలుపెడతాము.