కెనూ మోడల్: ముక్కు దగ్గర పట్టీలు లేచిపోతుంటే

16 అడుగుల సెడార్ స్ట్రిప్ కెనూని (సన్నని సెడార్ చెక్క పట్టీలు పక్కపక్కనే అతికించి చేసే సన్నటి తెడ్డు పడవని) 1:12 స్కేల్‌లో చేస్తే పొడవు 16 అంగుళాలు వస్తుంది. పట్టీలకి 1 మి.మీ. బాస్‌వుడ్ (మెత్తటి రకం చెక్క) వాడాను. మధ్యలో చక్కగా కూర్చున్నాయి, పేచీ అంతా ముక్కు దగ్గరే. అక్కడ పట్టీ వంగడంతో పాటు మెలి కూడా తిరగాలి. అందుకే జిగురు ఆరేలోపే లేచిపోయేది, పిన్ను గుచ్చితే చీలిపోయేది.

చివరికి పనిచేసింది ఇది: పట్టీ కొసను వేడినీళ్లలో నానబెట్టి, వేడి సోల్డరింగ్ ఐరన్ గొట్టం మీద మెల్లగా వంచి, జిగురు లేకుండానే, పడవకి ఆకారమిచ్చే అచ్చులాంటి ఫ్రేములకి క్లిప్పులతో బిగించి రాత్రంతా వదిలేశాను. పొద్దున క్లిప్పు తీస్తే మెలి అలాగే నిలిచి ఉంది. ఎంత ఆనందమో! జిగురు పూయాల్సింది అప్పుడే. తడి చెక్క ఆరితే కుంచించుకుపోతుంది, ముందే అతికిస్తే పట్టీల మధ్య సందులు పడతాయి. ఫ్రేముల అంచులకి సెల్లోటేపు వేయడం కూడా మరవకండి, జిగురు అంటక పడవ తేలిగ్గా ఊడి వస్తుంది.