ఈమ్యాక్స్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసేముందు

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను మూల కోడ్ నుంచి మీరే తయారుచేసుకుంటుంటే, బిల్డ్‌కు ఏర్పాట్లు చేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ను నడిపేముందు ఇవి సరిచూసుకోండి.

ప్రిఫిక్స్‌గా, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా, /యూఎస్ఆర్ (/usr) ఇవ్వకండి; ఉబుంటు ప్యాకేజీ ఫైళ్లపై కొత్తవి పడి, తరువాతి అప్‌డేట్‌లో రెండూ చెడిపోతాయి. అడ్మిన్ హక్కు లేకపోతే హోమ్ డైరెక్టరీ చాలు.

అక్షరాలను, వత్తులను సరిగా కూర్చే లైబ్రరీ హార్ఫ్‌బజ్; దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ ముందే ఉండాలి. అది లేకున్నా బిల్డ్ ఆగదు గానీ, తెరమీద ‘ఉక్కు’లో కావత్తు కిందికి దిగకుండా పొల్లు విడిగా నిలవవచ్చు, కాబట్టి కాన్ఫిగర్ చివరి సారాంశంలో హార్ఫ్‌బజ్ ఎదుట ‘యెస్’ (yes) ఉందని చూశాకే, బిల్డ్ చేసే మేక్ కమాండ్ నడపండి. తెలుగు రాసేవారు ఈ వరుసను దాటేయకూడదని నా గట్టి అభిప్రాయం.

నేటివ్ కంపైలేషన్‌కు (ఈమ్యాక్స్ లిస్ప్ కోడ్‌ను నేరుగా మెషిన్ కోడ్‌గా మార్చడానికి) లిబ్‌జీసీసీజిట్ అనే లైబ్రరీ వెర్షన్ మీ జీసీసీ కంపైలర్‌తో సరిపోలాలి. ఏఓటీ (ముందస్తు కంపైలేషన్) ఎంచుకుంటే లిస్ప్ ఫైళ్లన్నీ బిల్డ్ సమయంలోనే కంపైల్ అవుతాయి కనుక, తుఫాను గాలికి కరెంటు పోయే పూట మొదలుపెట్టవద్దు.

కాన్ఫిగర్ ఆప్షన్లు మారిస్తే, ముందు పాత బిల్డ్ ఫైళ్లను తుడిచేసే మేక్ డిస్ట్‌క్లీన్ చేయండి.