వేవ్ ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయా? కోర్లన్నింటికీ పని చెప్పండి

పాత క్యాసెట్లు, సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించిన వాళ్లకి తెలిసిన గోలే ఇది. సీడీ నాణ్యతలో వేవ్ ఫైల్ నిమిషానికి 10 ఎంబీ పైనే తింటుంది, సరే ఫ్లాక్‌లోకో (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్) ఎంపీ3లోకో మారుద్దామని మొదలుపెడితే ఒకటయ్యాక ఒకటి, ఒకటయ్యాక ఒకటి, ఎంతకీ తెమలదు. హెచ్‌టాప్ (ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో చూపించే లినక్స్ ప్రోగ్రామ్) తెరిచి చూడండి, ప్రాసెసర్‌లోని ఎనిమిది కోర్లలో ఒక్కటే పని చేస్తుంటుంది, మిగతావన్నీ ఖాళీ.

ఎంపీ3 తయారుచేసే లేమ్ ఒక ఫైల్‌ని ఒకే కోర్ మీద నడుపుతుంది. ఒక ఫ్రేమ్‌లో (ఆడియోలో ఓ చిన్న ముక్క) మిగిలిన బిట్లని తర్వాతి ఫ్రేమ్ వాడుకుంటుంది కాబట్టి ఫైల్‌ని ముక్కలు చేసి పంచడం తలనొప్పి. ఆ తంటా ఎందుకు? ఒక్కో కోర్‌కి ఒక్కో ఫైల్ ఇచ్చేస్తే సరి.

లినక్స్ టెర్మినల్‌లో ఎన్‌ప్రాక్ (nproc) అని కొడితే ఎన్ని కోర్లున్నాయో చెబుతుంది. ఫైండ్ (find) కమాండ్‌తో వేవ్ ఫైళ్లు వెతికించి, ఆ జాబితాని | గుర్తుతో ఎక్స్‌ఆర్గ్స్‌కి (xargs, వచ్చిన పేర్లని వేరే ప్రోగ్రామ్‌కి అందించే కమాండ్) పైప్ చేసి, పెద్ద పి పక్కన 8 (-P 8), చిన్న ఎన్ పక్కన 1 (-n 1) పెట్టి, చివర ఫ్లాక్ (flac) అని రాయండి. ఆ 1 మర్చిపోతే జాబితా మొత్తం ఒకే ఫ్లాక్‌కి వెళ్లిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంకోటి, ఫైల్ పేర్లలో ఖాళీలు: "హరికథ సైడ్ ఎ" అని ఉంటే ఎక్స్‌ఆర్గ్స్ దాన్ని మూడు ఫైళ్లనుకుని ఏదీ దొరకలేదంటుంది. ఫైండ్ చివర ప్రింట్0 (-print0), ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ సున్నా (-0) ఇస్తే ఆ గొడవ ఉండదు. ఇదంతా ఎవరు గుర్తుపెట్టుకుంటారు అనుకుంటే ఇదే పని చేసే గ్నూ ప్యారలల్ ప్రోగ్రామ్ వేసుకోండి, కోర్లు అదే లెక్కపెట్టుకుంటుంది.

విండోస్ వాళ్లకి ఇంత శ్రమ లేదు, ఫూబార్2000 అనే ప్లేయర్‌లోని కన్వర్టర్‌లో ఫైళ్లన్నీ కలిపి పడేస్తే అదే పంచుకుంటుంది.

మూడు గంటల రికార్డింగ్ ఒక్కటే ఉంటే? 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఫ్లాక్ 1.5లో జె ఆప్షన్ (-j) ఉంది, ఒకే ఫైల్‌ని కూడా చాలా థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని పాయలు) మీద నడుపుతుంది. కానీ పైన చెప్పిన పద్ధతిలో ఎనిమిది ఫైళ్లు నడుస్తుంటే మళ్లీ దీన్ని జత చేయకండి, థ్రెడ్లు ఒకదాన్నొకటి తోసుకోవడం తప్ప లాభం లేదు.

ఫైళ్లు పాత హార్డ్‌డిస్క్‌లో ఉంటే ఎనిమిది కాదు, మూడో నాలుగో చాలు, లేకపోతే డిస్క్ హెడ్ అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే పర్వాలేదు.

రీప్లేగెయిన్ (పాటల వాల్యూమ్ సమానంగా వినిపించేలా వేసే లెక్క) మాత్రం ఇలా విడివిడిగా చేయించకండి. ఆల్బమ్ మొత్తానికి ఒకే వాల్యూమ్ లెక్క కావాలంటే పాటలన్నీ కలిపి, ఫ్లాక్‌తో పాటే వచ్చే మెటాఫ్లాక్‌కి ఒకేసారి ఇవ్వాలి, అదీ మార్పిడి పూర్తయ్యాకే. తర్వాత ఫ్లాక్ మైనస్ టితో (flac -t) అన్నింటినీ ఓసారి పరీక్షించి, తప్పులేవీ రాకపోతేనే వేవ్‌లు డిలీట్ చేయండి.