ఉద్దానం సర్వేలో వైకల్యం ఉన్నవారు జారిపోతుంటే ఎక్కడ వెతకాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడి కవిటి, సోంపేట వైపు జనానికి కిడ్నీ సర్వేలు కొత్త కాదు. అందుకే చూపు లేనివారి పేరు పక్కన, వినపడనివారి పేరు పక్కన ‘నిరాకరించారు’ అని రాసి ఉంటే వెంటనే నమ్మకండి. ముందు మన కాగితాలు చూసుకోవాలి.

సమస్య: వాట్సాప్‌లో పంపిన సమాచార పత్రాన్ని టాక్‌బ్యాక్ (చూపు లేనివారికి ఫోన్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సదుపాయం) చదవడం లేదు, లేదా ఏదో గజిబిజిగా చదువుతోంది.

కారణం: డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లతో కొట్టించి ఉంటారు. కంటికి అది తెలుగే, ఫోన్‌కి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ప్రింట్ తీసి స్కాన్ చేశారా, ఇక అది ఉత్త ఫోటో.

పరిష్కారం: ఫోన్ కూడా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయించండి. కన్వర్టర్‌తో మారిస్తే ఒత్తులు చెడతాయి, కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని సరిచూడాలి. యూనికోడ్‌లో ఉన్నా పీడీఎఫ్ చేసేటప్పుడు అక్షరాలు తారుమారు కావచ్చు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి మెసేజ్‌లో పేస్ట్ చేస్తే సంగతి తేలిపోతుంది. నన్నడిగితే పీడీఎఫ్ మానేసి మామూలు మెసేజ్‌గా పంపడమే మేలు. తోడుగా ఆ ఊరి మనిషి గొంతుతో ఒక ఆడియో ఉండాలి. రేడియో వార్తల్లా చదివిస్తే ఎవరూ చివరిదాకా వినరు.

సమస్య: వినపడని వ్యక్తిని అడిగితే వదినో కొడుకో జవాబు చెప్పేస్తున్నారు.

కారణం: మనం చూసేది, మాట్లాడేది వాళ్లతోనే కాబట్టి. పట్నం నుంచి సంజ్ఞా భాషలోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ని తెచ్చినా ఒక్కోసారి లాభం ఉండదు. బడిలో భారతీయ సంజ్ఞా భాష నేర్చుకోని వారికి ఇంటి సైగలే తెలుసు.

పరిష్కారం: ఎలా మాట్లాడతారో ముందు కనుక్కోండి. సంజ్ఞా భాష వస్తే వీడియో కాల్‌లో ఇంటర్‌ప్రెటర్ చాలు. రాకపోతే సిరంజి, శాంపిల్ డబ్బా, బొమ్మలు చూపించి చెప్పండి. ఇంటివాళ్లు సైగలు చేయవచ్చు, కానీ ఏం జరగబోతోందో ఆయనే తిరిగి చూపించాలి. వదిన సంతకంతో సమ్మతి అయిపోదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 6వ సెక్షన్ ప్రకారం వారికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పి, వారి ఇష్టపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఇందుకోసం ప్రభుత్వం వేసే వైకల్య పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి కూడా కావాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వైకల్యం ఉన్నవారో, వారి కోసం పనిచేసే రిజిస్టరైన సంఘాల సభ్యులో అయి ఉండాలి.

సమస్య: 24 గంటల మూత్రం డబ్బా సగమే నిండి వస్తోంది.

కారణం: ‘చెప్పినట్టు చేయరు’ అని రాసేయడం తేలిక. మూతి ఇరుకైన డబ్బాని ఒంటిచేత్తో పట్టుకోవడమెలా? పెరట్లో ఉన్న మరుగుదొడ్డికి రాత్రిపూట చక్రాల కుర్చీ ఎలా వెళ్తుంది?

పరిష్కారం: వెడల్పు మూతి, పట్టుకోవడానికి పిడి ఉన్న డబ్బా ఇవ్వండి. చూపు లేనివారికి వేలికి తగిలేలా టేపు అంటించండి. సాయం ఎవరు చేయాలో వాళ్లనే చెప్పనివ్వండి, ఇది సిగ్గుతో కూడిన వ్యవహారం. 24 గంటల మూత్రం బదులు ఒక్కసారి తీసిన నమూనా సరిపోతుందా అన్నది పరిశోధకుల్ని అడగాలి, ఫీల్డులో మనంతట మనం మార్చకూడదు.

క్యాంపు మేడ మీద పెడితే ఊతకర్రలతో నడిచేవారు రారు. కింది గదిలో పెట్టండి, కుదరకపోతే మీరే వాళ్ల ఇంటికి వెళ్లండి. ఆటో ఖర్చు, తోడు వచ్చేవారి కూలీ నష్టం బడ్జెట్‌లో మొదటే రాసుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.