పొట్ట స్కాన్ చదవడం – 7వ పాఠం: మెలిపడ్డ ప్లీహం, ఉబ్బిన జఠర సిరలు

కిందటి పాఠంలో పోర్టల్ వెయిన్ (పేగులు, ప్లీహం నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చే పెద్ద సిర) వెడల్పు కొలవడం, రక్తం ఎటు పోతోందో డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ పద్ధతి) చూడడం నేర్చుకున్నాం. పోర్టల్ హైపర్‌టెన్షన్ (ఆ సిరల్లో ఒత్తిడి పెరగడం) అనగానే చూపు కాలేయం మీదికి పోతుంది. ఈసారి కాలేయం నిక్షేపంగా ఉండి, జఠరంలో మాత్రం సిరలు ఉబ్బిన కేసు చూద్దాం.

ప్లీహాన్ని (స్ప్లీన్) ఎడమ పక్కటెముకల కింద పట్టి ఉంచే ముఖ్యమైన బంధనాలు మూడు. ఒకటి జఠరానికి, ఒకటి ఎడమ కిడ్నీ వైపుకు కడతాయి. మూడోది పెద్దపేగు వంపు దగ్గర కింద నుంచి ఊయలలా మోస్తుంది. ఇవి పుట్టుకతో సరిగా ఏర్పడకపోయినా, తర్వాత సాగిపోయినా ప్లీహం రక్తనాళాల కాడకు వేలాడుతూ మిగులుతుంది. కాడ పొడవును బట్టి పొత్తికడుపు దాకా కూడా జారుతుంది. పిల్లల్లోనూ, 20–40 ఏళ్ల ఆడవాళ్లలోనూ ఎక్కువగా చూస్తాం.

ఆ కాడ మెలిపడితే ముందు నలిగేది సిర. దాని గోడ పలచన, లోపలి ఒత్తిడి తక్కువ. ధమని మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. రక్తం వస్తుంది గానీ పోదు. ప్లీహం ఉబ్బి, ఆ బరువుకు బంధనాలు ఇంకా సాగుతాయి. మెలి పూర్తిగా బిగిస్తే ధమనీ మూసుకుని ప్లీహం చచ్చుబడుతుంది; అది తీవ్రమైన కడుపునొప్పితో వచ్చే అత్యవసరం. మెలి అరకొరగా ఉండి నెలల తరబడి బిగుస్తూ సడలుతూ ఉంటేనో, ప్లీహసిరలో గడ్డ కడితేనో కథ వేరు. రక్తం పొట్టి జఠర సిరల గుండా జఠరం పైభాగంలోకి ఎగబాకి, ఎడమ జఠర సిర మీదుగా పోర్టల్ వెయిన్ చేరుతుంది. ఆ పక్కదారి సిరలే ఉబ్బి, ఒక్కోసారి పగిలి రక్తపు వాంతి అవుతుంది. దీన్నే ఎడమ పక్క పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటారు. కాలేయ సిరల్లో కొలిచే ఒత్తిడి తేడా మామూలుగానే, అంటే 1–5 మి.మీ. పాదరసం దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టుకోండి. ముందు ఎడమ కిడ్నీ పైన చూడండి. ప్లీహం ఉండాల్సిన చోట పేగో, జఠరమో కనిపిస్తే కిందికి దిగుతూ వెతకండి. నొక్కుతో (రక్తనాళాలు లోపలికి దూరే గుంట), ఒకే తీరు బూడిదరంగులో ఉన్న గడ్డ దొరికితే దాని నొక్కు దగ్గర డాప్లర్ పెట్టండి. లోపల ప్రవాహం లేకపోయినా, ధమనిలో డయాస్టోల్ (గుండె సడలే) వేళ ప్రవాహం మాయమైనా మెలిని అనుమానించాలి. పొత్తికడుపులో ఏదో గడ్డ ఉందని తొందరపడి సూది గుచ్చించవద్దు. అది ప్లీహమైతే రక్తస్రావం ఆపడం కష్టం.

సి.టి.లో కాడ వెంట ఒక్కో స్లైస్ కదుపుతూ వెళ్లండి. నాళాలు, కొవ్వు, కొన్నిసార్లు క్లోమం తోక కూడా సుడిలా చుట్టుకుని కనిపిస్తాయి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే: కాంట్రాస్ట్ మందు (నాళాలు వెలిగేలా సిరలోకి ఇచ్చేది) ఎక్కించిన 30 సెకన్లకు ఆరోగ్యమైన ప్లీహం కూడా చారలు చారలుగా వెలుగుతుంది. చచ్చుబడిందా లేదా అన్నది 70 సెకన్ల చిత్రాల్లో తేల్చండి. అక్కడే జఠరం పైభాగపు గోడలో మెలికల సిరలున్నాయా చూడండి.

తిరగేసి కూడా ఆలోచించాలి. సిర్రోసిస్‌తో (కాలేయం గట్టిపడే జబ్బు) పెరిగిన ప్లీహమే బరువుకు జారి ఉండవచ్చు. కాలేయం అంచు గరుకుగా ఉన్నా, పోర్టల్ వెయిన్ 13 మి.మీ. దాటినా, అన్నవాహికలోనూ సిరలు ఉబ్బినా మూలం కాలేయంలో ఉందనుకోండి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఎడమ పక్క జబ్బులో కాలేయంలో షంట్ (రక్తానికి పక్కదారి గొట్టం) వేసినా లాభం లేదు. అడ్డు దానికి ముందే ఉంది. రక్తం కారుతున్న సిరలకు ప్లీహం తీసేయడమే మందు. ప్లీహం బతికే ఉండి, సిరలు ఉబ్బకపోతే, మెలి విప్పి కుట్టి నిలబెట్టవచ్చు. తీయక తప్పదనుకుంటే న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి) టీకాలు ఆపరేషన్‌కు కనీసం 14 రోజుల ముందు వేయించాలి. అత్యవసరమైతే తర్వాత 14వ రోజున.

అభ్యాసం: ప్లీహం మామూలుగా ఉన్న 5 సి.టి.లు తీసుకుని, ప్లీహసిరను నొక్కు నుంచి పోర్టల్ వెయిన్ దాకా ఎక్కడా తెగకుండా వేలితో వెంబడించండి.