పీబీఎక్స్ అప్‌గ్రేడ్‌కు ముందు సీటీఐ లింక్ విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫోన్ సిస్టమ్ అప్‌గ్రేడ్ రాత్రికి రాత్రే అయిపోతుంది. ఫోన్లు మోగుతాయి, మాట వినిపిస్తుంది, బయటికి కాల్స్ వెళ్తాయి. పని అయిపోయిందనుకుని అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. పొద్దున షిఫ్ట్ మొదలయ్యాక అసలు గొడవ బయటపడుతుంది. కాల్ వస్తుంది కానీ ఏజెంట్ స్క్రీన్ మీద కస్టమర్ వివరాలు రావు. డయలర్ ఒక్క నంబరూ తిప్పదు. రికార్డింగ్ సర్వర్‌లో ఆ ఉదయం కాల్స్ కనిపించవు. పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) బాగుంది, సర్వర్ బాగుంది. ఆ రెంటినీ కలిపి కాల్ సమాచారాన్ని కంప్యూటర్లకు చేరవేసే సీటీఐ లింక్ ఒక్కటే పనిచేయడం లేదు.

ఈ లింక్ ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. పీబీఎక్స్ వాయిస్ టీమ్‌ది, సర్వర్ ఇంకొకరిది, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ నెట్‌వర్క్ వాళ్లది, అప్లికేషన్ వెండర్‌ది. మా వైపు అంతా బాగానే ఉందని నలుగురూ అంటారు. తెల్లవారుజామున నిద్రలేని కళ్లతో నలుగురినీ ఒక కాల్‌లో కూర్చోబెట్టి తప్పు ఎక్కడుందో వెతకడం ఎంత టెన్షనో చేసినవాళ్లకు తెలుసు. ఆ టెన్షన్‌లో చాలా భాగం ముందే తప్పించుకోవచ్చు.

పాత లింక్‌నే ముందు ఒకసారి ఆపి చూడండి

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. అప్‌గ్రేడ్‌కు వారం పది రోజుల ముందు, కాల్స్ తక్కువగా ఉండే వేళ చూసుకుని, ఏ మార్పూ చేయకుండా లింక్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. సీటీఐ సర్వర్‌ను కూడా రీస్టార్ట్ చేయండి. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం అని ఎవరో ఒకరు అడ్డుపడతారు. అయినా ఒప్పించండి.

నెలల తరబడి తెగకుండా నడిచిన లింక్‌లో లోపాలున్నా పైకి కనిపించవు. సర్టిఫికెట్‌ను కనెక్షన్ మొదలయ్యేటప్పుడు చూస్తారు. ఆ తర్వాత దాని గడువు తీరిపోయినా నడుస్తున్న కనెక్షన్ మామూలుగా తెగదు. పాస్‌వర్డ్ అవసరం కూడా లాగిన్ అయ్యేటప్పుడే. మధ్యలో ఎవరైనా మార్చేసి ఉంటే ఇప్పటి సెషన్‌కు ఆ సంగతి తెలియదు. ఫైర్‌వాల్ రూల్ తీసేసినా పాత సెషన్ చాలాసార్లు అలాగే సాగిపోతుంది. డీఎన్‌ఎస్‌లో పేరు వేరే ఐపీకి మారిపోయి ఉండొచ్చు. ఏదో ఒక రోజు ఎవరో చేత్తో స్టార్ట్ చేసిన సర్వీస్ ఆటోస్టార్ట్‌లో ఉండకపోవచ్చు. ఇవన్నీ రీస్టార్ట్ అయిన నిమిషంలో ఒక్కసారిగా మీద పడతాయి. అది అప్‌గ్రేడ్ రాత్రే జరిగితే తప్పు కొత్త వెర్షన్‌దే అనుకుని, దాని వెంటపడి గంటలు పోగొట్టుకుంటారు. వారం ముందే జరిగితే అది పాత జబ్బని తేలిపోతుంది, తీరిగ్గా బాగుచేసుకోవచ్చు.

ఆ లింక్ మీద ఎవరెవరు ఆధారపడ్డారు?

స్క్రీన్ పాప్ (కాల్ రాగానే కస్టమర్ వివరాలు తెరమీదికి రావడం), రికార్డింగ్, డయలర్ అందరికీ గుర్తుంటాయి. సూపర్‌వైజర్ గోడ మీది డిస్‌ప్లే, రిపోర్టుల కోసం ఈవెంట్లు (కాల్‌లో ఏం జరిగిందో చెప్పే మెసేజ్‌లు) లాగే స్క్రిప్ట్, సీఆర్‌ఎమ్‌లో నంబర్ నొక్కితే డయల్ అయ్యే బటన్ మాత్రం ఎవరికీ గుర్తు రావు. మనుషుల్ని అడిగి రాసిన జాబితాను నమ్మకండి. సీటీఐ సర్వర్‌లో ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్న క్లయింట్ల ఐపీలు తీసి, ఒక్కొక్కటీ ఎవరిదో కనుక్కోండి. నెలాఖరులో మాత్రమే కనెక్ట్ అయ్యేవి కూడా ఉంటాయి, వాటి కోసం పాత లాగ్‌లు చూడాలి.

పోర్టులు కూడా రాసిపెట్టుకోండి. అవాయా వాళ్ల సీటీఐ సర్వర్ ఏఈఎస్‌లో అప్లికేషన్లు కనెక్ట్ అయ్యే ఇంటర్‌ఫేస్‌లు టీసాపీ, డీఎమ్‌సీసీ. టీసాపీ క్లయింట్లు ముందుగా 450కి వస్తాయి, డీఎమ్‌సీసీకి మామూలు పోర్ట్ 4721, ఎన్‌క్రిప్షన్‌తో అయితే 4722, ఏఈఎస్ నుంచి పీబీఎక్స్‌కు 8765. సిస్కో కాల్ మేనేజర్‌లో సీటీఐ మేనేజర్ 2748 మీద, సెక్యూర్ కనెక్షన్ 2749 మీద ఉంటాయి. ఆస్టరిస్క్‌ను బయటి ప్రోగ్రామ్‌లు నడిపించే ఇంటర్‌ఫేస్ ఏఎమ్‌ఐది 5038. ఫ్రీస్విచ్ ఈవెంట్ సాకెట్‌ది 8021. ఇవి డీఫాల్ట్‌లు మాత్రమే, మీ దగ్గర ఎవరైనా మార్చి ఉండొచ్చు. కాన్ఫిగ్‌లో చూసి నిర్ధారించుకోండి.

సర్టిఫికెట్, లైసెన్స్, వెర్షన్

గడువు తేదీ ఒక్కటే చూసి వదిలేయకండి. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, క్లయింట్ కాన్ఫిగ్‌లో రాసిన పేరు ఒకటేనా? ఐపీతో కనెక్ట్ అవుతున్న పాత క్లయింట్ కొత్త వెర్షన్‌లో పేరు కుదరలేదని తిరస్కరించొచ్చు. కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాల్ టీఎల్‌ఎస్‌లో 1.0, 1.1 వెర్షన్లకు 2021లోనే కాలం చెల్లింది. కొత్త పీబీఎక్స్ వెర్షన్ వాటిని మూసేసి ఉంటే పాత డయలర్ కనెక్షన్ కుదుర్చుకునే హ్యాండ్‌షేక్ దగ్గరే ఆగిపోతుంది. సర్టిఫికెట్ మార్చాక అప్లికేషన్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయడం మరచిపోవద్దు. చాలా అప్లికేషన్లు ట్రస్ట్ స్టోర్‌ను (నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాను) స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతాయి. పబ్లిక్ సర్టిఫికెట్లు వాడేవాళ్లకు ఈ పని ఇక తరచూ పడుతుంది. వాటి గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు అని ఇప్పటికే నిర్ణయమైపోయింది.

లైసెన్స్ చాలాసార్లు సర్వర్ మ్యాక్ అడ్రస్‌కు గానీ హోస్ట్ ఐడీకి గానీ కట్టేసి ఉంటుంది. వర్చువల్ మెషిన్‌ను ఇంకో చోటికి మార్చితే మ్యాక్ మారొచ్చు. గ్రేస్ పీరియడ్ (లైసెన్స్ సరిపోకపోయినా కొన్నాళ్లు పనిచేయనిచ్చే గడువు) ఉన్న సిస్టమ్‌లలో ఆ రాత్రి అంతా పనిచేసినట్టే ఉంటుంది. గడువు తీరిన రోజున లింక్ పడిపోతే, వారాల కిందటి అప్‌గ్రేడే కారణమని ఎవరికీ తట్టదు. అందుకే అప్‌గ్రేడ్ అయిన వెంటనే లైసెన్స్ పేజీ తెరిచి గ్రేస్ మోడ్‌లోకి వెళ్లిందేమో చూడాలి.

ఇక వెర్షన్లు. కనెక్షన్ కుదిరినంత మాత్రాన అప్లికేషన్‌కు ఈవెంట్లు అర్థమవుతాయని కాదు. ఆస్టరిస్క్ 12లో ఏఎమ్‌ఐ ఈవెంట్ల తీరు మారింది. పాత డయల్ ఈవెంట్ పోయి డయల్‌బిగిన్, డయల్‌ఎండ్ వచ్చాయి. 21వ వెర్షన్‌లో పాత సిప్ ఛానల్ డ్రైవర్‌నే తీసేశారు. ఛానల్ పేరు ముందు ‘సిప్’ అని ఉంటుందనుకుని రాసిన స్క్రిప్ట్‌కు కొత్త డ్రైవర్ పేరు ‘పీజేసిప్’ వస్తే అది కాల్‌ను గుర్తించదు, ఎర్రర్ కూడా చూపించదు. సిస్కో వైపు కాల్ మేనేజర్ వెర్షన్ మారితే జేటాపీ, టాపీ (అప్లికేషన్లు కాల్ మేనేజర్‌తో మాట్లాడే ఇంటర్‌ఫేస్‌లు) క్లయింట్ల వెర్షన్‌ను కూడా సరిచూసుకోవాలి. అప్‌గ్రేడ్‌తో పాటు ఫోన్లు కూడా మారుస్తుంటే ఇంకో చిక్కుంది. ఫోన్ డివైస్ పేరు మ్యాక్‌తోనే ఏర్పడుతుంది. కొత్త ఫోన్ పెట్టినప్పుడు దాన్ని అప్లికేషన్ యూజర్ కంట్రోల్ జాబితాలో (సీటీఐ అప్లికేషన్ లాగిన్ అయ్యే అకౌంట్‌కు నియంత్రించడానికి అనుమతించిన ఫోన్ల జాబితాలో) చేర్చకపోతే ఎక్స్‌టెన్షన్ పాతదే అయినా సీటీఐకి ఆ ఫోన్ కనిపించదు.

ముందు, తర్వాత పోల్చడానికి ఒక కాల్

రెండు టెస్ట్ ఎక్స్‌టెన్షన్లు, బయట ఒక మొబైల్ చాలు. ట్రేస్ (వచ్చే పోయే సీటీఐ మెసేజ్‌ల రికార్డు) ఆన్ చేసి మొబైల్ నుంచి మొదటి ఎక్స్‌టెన్షన్‌కు కాల్ చేయండి. మోగగానే డెలివర్డ్, ఎత్తగానే ఎస్టాబ్లిష్డ్ ఈవెంట్ రావాలి. హోల్డ్‌లో పెట్టండి, మళ్లీ తీసుకోండి. ఆపైన రెండో ఎక్స్‌టెన్షన్‌కు ఫోన్ చేసి మాట్లాడి ట్రాన్స్‌ఫర్ చేయండి. ఇక్కడ ఆగి జాగ్రత్తగా చూడాలి. మాట్లాడి ట్రాన్స్‌ఫర్ చేసినప్పుడు రెండో కాల్‌కు వేరే కాల్ ఐడీ పుడుతుంది, తర్వాత రెండు కాల్స్ కలిసి ఒకటవుతాయి. చివరికి ఏ ఐడీ మిగిలింది? రెండో ఏజెంట్ స్క్రీన్ మీద కనిపించింది కస్టమర్ నంబరా, మొదటి ఏజెంట్ ఎక్స్‌టెన్షనా? మామూలు కాల్ సరిగ్గా నడిచి, ట్రాన్స్‌ఫర్‌లో మాత్రమే చెడిపోయే అప్‌గ్రేడ్లు ఎన్నో ఉంటాయి. క్యూలోకి వచ్చే కాల్, ఎవరూ ఎత్తని కాల్, కాన్ఫరెన్స్ కూడా ఇలాగే చేసి ఆ ట్రేస్‌లన్నీ దాచండి. అప్‌గ్రేడ్ తర్వాత ఇవే కాల్స్ మళ్లీ చేసి పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఈ పాత ట్రేస్ లేకపోతే, ఇంతకుముందు ఎలా వచ్చేదని వెండర్ అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

అన్ని సర్వర్ల గడియారాలు ఎన్‌టీపీతో ఒకే సమయంలో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. రెండు లాగ్‌ల మధ్య 40 సెకన్ల తేడా ఉంటే ఏది ముందు జరిగిందో తేల్చలేరు.

ఆ రాత్రి పని వరస

ముందు డయలర్‌ను ఆపండి, తర్వాత మిగతా అప్లికేషన్లు, ఆ తర్వాత సీటీఐ సర్వర్, చివరికి పీబీఎక్స్. లేపేటప్పుడు దీనికి తిరగేసి. ఫోన్లన్నీ రిజిస్టర్ అయ్యాకే సీటీఐ సర్వర్‌ను లేపండి. అప్లికేషన్లను ఒక్కొక్కటిగా తీసుకురండి. అన్నీ ఒకేసారి కనెక్ట్ అయి వేలాది ఎక్స్‌టెన్షన్ల మీద మానిటర్లు పెట్టడం (వాటి ఈవెంట్లు తమకు పంపమని కోరడం) మొదలుపెడితే సర్వర్ మీద భారం పడుతుంది, తప్పు దేనిదో కూడా తెలియదు. పీబీఎక్స్ అప్‌గ్రేడ్, ఫైర్‌వాల్ మార్పు ఒకే రాత్రి పెట్టుకోకండి. కాల్స్ నడుస్తుండగా సీటీఐ సర్వర్ వర్చువల్ మెషిన్‌కు స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని కాపీ) తీయకండి. ఆ కొద్ది క్షణాలు మెషిన్ స్తంభించి హార్ట్‌బీట్ (లింక్ బతికే ఉందని ఎప్పటికప్పుడు పంపే మెసేజ్) తప్పితే లింక్ తెగొచ్చు.

లింక్ అసలు లేవకపోతే పింగ్ వచ్చిందని సంతృప్తి పడవద్దు, నేరుగా ఆ పోర్ట్‌కే కనెక్ట్ చేసి చూడండి. ఏ జవాబూ రాకుండా వేచి వేచి టైమ్ అవుట్ అయితే ముందుగా ఫైర్‌వాల్‌నో రూటింగ్‌నో అనుమానించాలి. వెంటనే తిరస్కరించిందంటే ప్యాకెట్ చాలావరకు సర్వర్ దాకా చేరినట్టే, అక్కడ సర్వీస్ ఆ పోర్ట్ మీద వినడం లేదు. కనెక్ట్ అయి వెంటనే తెగుతుంటే సర్టిఫికెట్, లాగిన్, వెర్షన్ చూడండి. ఈ మూడింటిలో ఏదో తేలితే నలుగురిలో ఎవరిని నిద్రలేపాలో తెలుస్తుంది.

లింక్ పచ్చగానే ఉంది, ఈవెంట్లు రావడం లేదు

అందరినీ ఎక్కువగా మోసం చేసేది ఇదే. లింక్ తెగి మళ్లీ కలిసినప్పుడు పాత మానిటర్లు పోతాయి. వాటిని అప్లికేషన్ మళ్లీ అడిగి పెట్టుకోవాలి. సరిగ్గా రాయని అప్లికేషన్ కనెక్షన్ తిరిగి తెచ్చుకుని ఊరుకుంటుంది. స్టేటస్ పేజీ అంతా పచ్చగా ఉంటుంది, ఒక్క ఈవెంటూ రాదు. అవాయా కమ్యూనికేషన్ మేనేజర్‌లో సీటీఐ లింక్ స్టేటస్ కమాండ్ ఇస్తే ఎస్టాబ్లిష్డ్ అన్న మాటతో పాటు పంపిన, అందిన మెసేజ్‌ల లెక్క కూడా చూపిస్తుంది. టెస్ట్ కాల్ చేస్తూ ఆ లెక్క కదులుతోందో లేదో చూడండి. కదలకపోతే మానిటర్లు లేనట్టే అనుకుని ఆ అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేయండి. లింక్ తెగినప్పుడు నడుస్తున్న కాల్స్‌ను అప్లికేషన్ స్నాప్‌షాట్ రిక్వెస్ట్‌తో (ఇప్పుడు నడుస్తున్న కాల్స్ ఏవో అడిగే సీటీఐ మెసేజ్‌తో) తిరిగి తెలుసుకుంటుందా అని వెండర్‌ను ముందే అడగండి. అలా చేయకపోతే ఆ కాల్స్ ముగిసేదాకా ఏజెంట్ ఖాళీగా ఉన్నట్టే కనిపించి, డయలర్ అతని మీదికి ఇంకో కాల్ తోయొచ్చు.

రోజూ పొద్దున మొదటి కాల్స్ మాత్రమే పోతుంటే

అప్‌గ్రేడ్‌లో సర్వర్ కొత్త సబ్‌నెట్‌కు మారి, మధ్యలో ఫైర్‌వాల్ చేరినప్పుడు ఇది మొదలవుతుంది. చాలా ఫైర్‌వాల్‌లు గంటపాటు కదలిక లేని టీసీపీ సెషన్‌ను మరచిపోతాయి. కనెక్షన్ ఉందో లేదో చూసే లైనక్స్ డీఫాల్ట్ కీప్‌అలైవ్ 7,200 సెకన్లకు గానీ మొదలవదు, అది కూడా అప్లికేషన్ అడిగితేనే. రాత్రంతా కాల్స్ లేకపోతే ఫైర్‌వాల్ సెషన్‌ను తీసేస్తుంది. రెండు చివరలూ మాత్రం లింక్ ఉందనే అనుకుంటాయి. పొద్దున పంపిన మొదటి ఈవెంట్ దారిలోనే పోతుంది. లైనక్స్ దాన్ని మళ్లీ మళ్లీ పంపి, డీఫాల్ట్ సెట్టింగ్‌లతో 15 నిమిషాలకు పైగా ప్రయత్నించాక గానీ కనెక్షన్ పోయిందని ఒప్పుకోదు. ఆపైన తిరిగి కనెక్ట్ అయి అంతా సర్దుకుంటుంది. ఎవరైనా వచ్చి చూసేసరికి సమస్యే ఉండదు. సీటీఐ ప్రోటోకాల్‌లో హార్ట్‌బీట్ ఉంటే దాన్ని ఆన్ చేసి ఒక నిమిషం లోపు పెట్టండి. లేకపోతే కీప్‌అలైవ్ సమయం తగ్గించండి, ఫైర్‌వాల్‌లో ఈ ఒక్క పోర్ట్‌కే గడువు పెంచమనండి.

రోల్‌బ్యాక్ ఎప్పుడు చేయాలో, ఎవరు నిర్ణయిస్తారో ముందే రాసుకోండి. ట్రాన్స్‌ఫర్ కాల్‌తో సహా టెస్ట్ కాల్స్ అన్నీ ఫలానా గంటకల్లా కుదరకపోతే వెనక్కి వెళ్తాం అన్నంత స్పష్టంగా ఉండాలి. మర్నాడు అన్నిటికన్నా రద్దీగా ఉండే గంట గడిచేవరకు ఇద్దరు మనుషులను అందుబాటులో ఉంచండి, ఒకరు వాయిస్ టీమ్ నుంచి, ఒకరు అప్లికేషన్ వైపు నుంచి. నెట్‌వర్క్ ప్యాకెట్లను రికార్డు చేసే టీసీపీడంప్‌ను డిస్క్ నిండకుండా ఫైళ్లు తిప్పి రాసేలా పెట్టి, లింక్‌కు రెండు వైపులా వారం రోజులు నడవనివ్వండి.