మాచు పిచ్చు నడకలో ఆఖరి రోజు: మన డెల్టా వాళ్ల కోసం

పెరూలో మాచు పిచ్చు శిథిలాలకి నాలుగు రోజులు కొండల్లో నడిచి వెళ్లే దారి ఇన్కా ట్రెయిల్. దాని గురించి మా అమలాపురం వైపు ఎవరు అడిగినా ముందు ఊపిరి సంగతే అడుగుతారు. ఏటిగట్టుకి మించిన ఎత్తు చూడకుండా పెరిగినవాళ్లం, ఆ బెంగ సహజమే. కానీ ఆ టెన్షన్ రెండో రోజు 4,215 మీటర్ల కనుమ దాటేసరికి తీరిపోతుంది. నాలుగో రోజు పరీక్షంతా మోకాళ్లకి. దూరం తక్కువే. కాకపోతే ముందు రోజంతా రాతిమెట్లు దిగి దిగి కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, నిద్ర చాలదు, పైగా చీకట్లో బయల్దేరాలి.

అందుకని ఇంటి దగ్గరే దిగడం అలవాటు చేసుకోండి. అన్నవరం కొండ మీదికి బస్సులో వెళ్లి, మెట్ల దారిన కిందికి రండి. కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు మరీ నిటారు, ఇన్కా మెట్లకి అవే దగ్గర. వీపున ఐదు కిలోల బియ్యం మూట పెట్టుకుని, పాదం కాస్త అడ్డంగా వేస్తూ నెమ్మదిగా దిగండి. రెండు నెలలైనా చెయ్యాలి.

సామాను మోసే పోర్టర్లకి ఇవ్వాల్సిన టిప్పు మూడో రోజు రాత్రే ఇచ్చేయండి. ఇది మర్చిపోకూడదు. తెల్లవారకముందే వాళ్లు టెంట్లు విప్పి, రైలు అందుకోవడానికి వేరే దారిన కిందికి పరుగెడతారు, మళ్లీ కనపడరు. చిన్న నోట్లు నడకకి ముందు కుస్కో నగరంలోనే మార్చుకుని, ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి. మన గుడారం, మన తిండి మోసింది వాళ్లే.

ఆఖరి రాత్రి మకాం విన్యాయ్ వైనా క్యాంపులో మూడు, మూడున్నరకే లేపుతారు. చెక్‌పోస్టు తెరిచేది ఐదున్నరకి, అప్పటిదాకా క్యూలో కూర్చోవాలి. పాస్‌పోర్టు పైజేబులో ఉండాలి. తలకి కట్టుకునే లైటులో కొత్త బ్యాటరీలు వేసుకోండి. నేను మోరి జీడిపప్పు, బెల్లం ముక్క జేబులో పెట్టుకున్నాను, పొద్దున తిండి సయించనివాళ్లకి అది చాలు.

గేటు తియ్యగానే అందరూ పరుగు అందుకుంటారు. మీరు పరిగెత్తకండి. దారికి ఒక పక్క లోయ. వెనకవాళ్లు దాటుతామంటే కొండ వైపు ఒదిగి నిలబడి దారివ్వండి, లోయ వైపు మాత్రం వద్దు. మాచు పిచ్చు మొదటిసారి కనిపించే సూర్యద్వారానికి (ఇంతి పుంకు) కాస్త ముందు యాభై దాకా నిటారు మెట్లుంటాయి. చేతికర్రలు సంచికి కట్టేసి, చేతులు ఆనించి ఎక్కండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంతి పుంకు దగ్గర చాలాసార్లు పొగమంచే కనిపిస్తుంది. ఉసూరుమని దిగిపోకండి, అరగంట కూర్చోండి. మంచు విడిపోతూ మాచు పిచ్చు 15వ శతాబ్దపు గోడలు ఒక్కొక్కటిగా బయటపడుతుంటే, అన్ని రోజుల నడకా దీనికోసమే కదా అనిపిస్తుంది.

అక్కడి నుంచి గంట లోపు దిగుడు. టాయిలెట్లు ప్రధాన గేటు బయటే, పెద్ద సంచులూ బయటే పెట్టాలి. లోపల దారులు ఒకవైపే, వెనక్కి రానివ్వరు, మీ టికెట్టు ఏ సర్క్యూట్‌కో గైడ్‌ని ముందే అడగండి. తర్వాత కింద రైలు స్టేషనున్న ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్‌కి బస్సు, అరగంట లోపే. తిరుగు రైలు సాయంత్రానికి పెట్టుకోండి. మధ్యాహ్నం రైలైతే శిథిలాల్లో గడియారం చూసుకుంటూ తిరగాలి.

ఫిబ్రవరిలో ట్రెయిల్ మూసేస్తారు. మిగతా నెలల్లోనూ రోజుకి గైడ్లు, పోర్టర్లతో కలిపి 500 మందికే అనుమతి, మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్లాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి.